సి-90 క్యాసెట్లల్ల పింక్ ఫ్లాయిడ్: నల్లగొండల ఇరవై ఏండ్ల వాడకం

పింక్ ఫ్లాయిడ్ అంటే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్. ఇంటర్ వయసు పిల్లలు చాలామంది వాళ్ల ఆల్బమ్‌లల్ల ‘ద వాల్’ (1979)తోనే మొదలుపెట్టి సగంలనే ఆపేస్తరు. 81 నిమిషాల కథ అది, ముక్కలుగా వింటే అతకదు. ముందు ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973), దాని వెనక ‘విష్ యు వర్ హియర్’ (1975) వినాలె. మొదటిది 43 నిమిషాలు, రెండోది 44 దాటుతది. సి-90కి ఒక్కో వైపు 45 నిమిషాలు గనక చెరోవైపు పడతయి. కానీ సి-90 రీలు పలచన, మన ఎండలకు తొందరగా సాగుతది. ‘డార్క్ సైడ్’ వరకైతే సి-60 (ఒక్కో వైపు 30 నిమిషాలు) నయం. ‘మనీ’ పాటకు ముందు క్యాసెట్ తిప్పాల్సొస్తది, అంతే. ఎల్పీ రికార్డుల కూడా వైపు మారేది అక్కడనే.

‘డార్క్ సైడ్’ మొదట్ల గుండె సప్పుడు లీలగా వస్తది, టేపు ‘స్స్’ దాన్ని మింగేస్తది. వినపడ్తలేదని వాల్యూమ్ పెంచి మరిచిపోతే ‘టైమ్’ పాటల గడియారాలన్నీ ఒక్కసారి మోగి స్పీకర్ గీపెడతది.

‘విష్ యు వర్ హియర్’ పాట మొదట్ల గిటార్ పాత రేడియోల నుంచి వచ్చినట్టు సన్నగా ఉంటది. టేప్ రికార్డర్ హెడ్ (రీలును చదివే భాగం) పాడైందనుకుని చాలామంది రుద్దుతనే ఉంటరు. రికార్డింగే అట్ల చేసిండ్రు. కాసేపటికి రెండో గిటార్ కలుస్తది. అది కూడా మసకగా ఉంటేనే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో తుడవాలె. అదే ఆల్బమ్‌ల ‘షైన్ ఆన్’ పాట మొదట్ల సాగే కీబోర్డ్ స్వరం వణికితే తప్పు రబ్బరు రోలర్‌ది: దుమ్ము పట్టి, గట్టిపడి రీలును జార్చేస్తది.

మే నెలల క్యాసెట్‌ను కిటికీ పక్కన, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు. డబ్బా వంగుతది, రీలు వెనకున్న చిన్న ప్యాడ్ జిగురు కరిగి ఊడుతది. ప్యాడ్ పోతే ముందు పోయేది డ్రమ్ముల పక్కన మోగే తాళాల (సింబల్స్) గలగల.

‘యానిమల్స్’ (1977) ఆఖరికి ఉంచుకోవచ్చు. ‘డాగ్స్’ పాట ఒక్కటే 17 నిమిషాలు, ఓపిక కావాలె.

‘ద వాల్’ మటుకు జాగ్రత్తగా ఎక్కించాలె. ఆల్బమ్ చివర్ల సగంల తెగిన మాట ఆల్బమ్ మొదట్ల పూర్తయితది, అదీ గుసగుసలెక్క. క్యాసెట్ మొదటి ఐదు సెకన్లు పూత లేని ఖాళీ తోక, దాని మీద ఏదీ ఎక్కదు. పెన్సిల్ పెట్టి గోధుమరంగు రీలు కనపడేదాకా తిప్పి, అప్పుడు రికార్డ్ నొక్కాలె.