దెబ్బ తిన్న పాత మస్టాంగ్ తక్కువకి వస్తోందని ఎగబడేముందు ఇది చదవండి

"ముందు చిన్న దెబ్బ తగిలింది, మిగతాదంతా బాగుంది, కొంచెం డెంటింగ్ పెయింటింగ్ చేయిస్తే చాలు." అమ్మేవాడి ఈ మాట నమ్మి నేను 1967 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను. ఆ "కొంచెం" ఇప్పటిదాకా నాకు దగ్గరదగ్గర 30,000 డాలర్లు పడింది, బండి ఇంకా మా గరాజ్‌లో స్టాండ్ల మీదే ఉంది. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఈ మధ్య పాత కార్ల మీద బాగానే మోజు పడుతున్నారు, గత రెండు నెలల్లో ముగ్గురు అడిగారు నన్ను, అన్నా ఎక్కడ కొన్నావు, ఎంత పడింది, మేమూ కొందామనుకుంటున్నాం అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

దీన్ని మజిల్ కారు (పెద్ద ఇంజిన్ పెట్టిన బలమైన బండి) అంటే, కాదు, పోనీ కారు (దానికంటే చిన్న స్పోర్టీ బండి) అని సరిదిద్దేవాళ్లకి ముందే దండం. నాకూ తెలుసు. తుప్పుకి ఆ తేడా తెలియదు.

ఆన్‌లైన్‌లో ప్రకటన చూశాను. ఒహాయోలో ఉంది బండి. హార్డ్‌టాప్ (మామూలు రేకు పైకప్పు మోడల్), వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), ఎడమ వైపు ముందు ఫెండర్ (చక్రం మీది బయటి రేకు), బంపర్ నలిగాయి, ధర 9,500. ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి వాలుగా దిగే మోడల్) అయితే మనం ముట్టుకోలేం, హార్డ్‌టాప్ చవక అని చదివి ఉన్నాను కాబట్టి ఇదే మన బడ్జెట్‌కి సరైనది అనుకున్నా. ఇంకో పది వేలు పెడితే రోడ్డెక్కుతుందని లెక్క వేసుకున్నా. అమ్మేవాడు ఫోన్‌లో మహా మర్యాదగా మాట్లాడాడు. "ఫెండర్లు బోల్టులతో బిగించేవే కదా, కొత్తవి దొరుకుతాయి, ఒక శనివారం పని" అన్నాడు. అది నిజమే కూడా, ఫెండర్ బోల్టులతోనే ఉంటుంది, కొత్త రేకు దొరుకుతుంది కూడా. ఫెండర్ వెనకాల ఏముందన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

వెళ్లి చూడలేదు. అదే నా మొదటి తప్పు, అన్నిటికంటే పెద్దది. ఫ్లైట్ టికెట్, హోటల్ కలిపి 500 అవుతుందని ఆలోచించాను. 500 మిగిల్చి ఎన్ని వేలు పోగొట్టుకున్నానో మా ఆవిడ ఇప్పటికీ పండక్కోసారి గుర్తు చేస్తుంది. ఫొటోలు మాత్రం నలభై పంపాడు. అన్నీ బండి కడిగిన వెంటనే, తడి మీద తీసినవి. తడి మీద ఏ పాత పెయింట్ అయినా కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంది. కింద నుంచి తీసిన ఫొటో ఒక్కటే ఉంది, దాంట్లో అడుగంతా నల్లగా, నున్నగా కోటింగ్ కొట్టి ఉంది. నేను దాన్ని చూసి, అబ్బ, ఎంత శుభ్రంగా ఉంచాడో అనుకున్నా! యాభై ఏళ్లు దాటిన బండి అడుగు కొత్తగా నల్లగా కనిపిస్తే, ఆ నలుపు కింద ఏదో దాచారని అర్థం. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ తిరిగిన పాత కారుకి తుప్పు లేదంటే కనీసం ఒకసారైనా ఆగి ఆలోచించాల్సింది.

బండి ట్రక్కు మీద వచ్చింది, 1,100 డాలర్లు. దిగిన రోజు పక్కింటి పిల్లలు కూడా వచ్చి ఫొటోలు దిగారు. పైన పటారం, లోన లొటారం అని అమ్మమ్మ ఊరికే అనలేదు. వారం తర్వాత వర్షం పడింది, గరాజ్ ముందు నిలబెట్టి ఉంది కదా, తెల్లారి డోర్ తీసి చూస్తే డ్రైవర్ కాళ్లు పెట్టే చోట కార్పెట్ నీళ్లలో నానుతోంది. అద్దాలు అన్నీ ఎక్కించే ఉన్నాయి. ఎక్కడ నుంచి వచ్చాయో అర్థం కాలేదు.

అక్కడ మొదలైంది అసలు కథ. మస్టాంగ్‌లో ముందు అద్దం కింద, బానెట్ వెనకాల, గాలి లోపలికి రావడానికి జల్లెడ లాంటి కంతలు ఉంటాయి. దాన్ని కౌల్ అంటారు. ఆ కంతల్లోంచి ఆకులు, దుమ్ము, నీళ్లు లోపలికి పోయి ఒక పెట్టె లాంటి చోట నిలిచిపోతాయి. లోపల గాలి గొట్టం చుట్టూ చిన్న గట్టు లాంటి రేకు ఉంటుంది, ఏళ్ల తరబడి తడి ఆకుల్లో నాని ఆ గట్టు తుప్పుపట్టి పోయాక నీళ్లు నేరుగా మీ కాళ్ల మీదకి దిగుతాయి. బయటి నుంచి ఒక్క ఇంచి కూడా కనిపించదు. బాగు చెయ్యాలంటే అద్దం తీసి, ఫెండర్లు తీసి, ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి, పై రేకు ఎత్తాలి. రేకు ధర పెద్దదేం కాదు. ఆ పని చేసే చేతికే డబ్బు. దీన్ని కనిపెట్టడం మాత్రం ఎంత తేలికంటే, తోటకి నీళ్లు పెట్టే పైపు తెచ్చి ఆ కంతల్లోకి ఐదు నిమిషాలు నీళ్లు వదిలి, డాష్‌బోర్డ్ కింద టార్చ్ వేసి చూడటమే. అమ్మేవాడు వద్దన్నాడంటే మీకు జవాబు దొరికినట్టే.

కార్పెట్ ఎత్తాను. కింద తారు లాంటి నల్లటి పూత. స్క్రూడ్రైవర్‌తో గీస్తే పెచ్చులుగా ఊడింది. దాని కింద గుండ్రటి రివెట్ల వరస, ఆ రివెట్ల మధ్య వంకర తిరిగిన ఒక రేకు, ఇంకొంచెం గీకితే దాని మీద అంకెలు కనిపించాయి. కారు నంబర్ ప్లేట్ అండి. వేరే ఏదో కారుది. ఫ్లోర్‌కి పడ్డ చిల్లు మీద పాత నంబర్ ప్లేట్ పెట్టి, రివెట్లు కొట్టి, తారు పూసి, పైన కొత్త కార్పెట్ పరిచాడు. నేను కాసేపు నవ్వాను, తర్వాత ఇంట్లోకి వెళ్లి రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ కార్లకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, అంటే ఫ్లోర్ పోయిందంటే బండి వెన్నెముక పోయినట్టే.

అప్పుడు తీశాను వీల్ కవర్. ఈ విషయం చాలామందికి తెలియదు కాబట్టి నెమ్మదిగా చదవండి. ఆ రోజుల్లో మస్టాంగ్ వి8 చక్రానికి ఐదు నట్లు, సిక్స్ సిలిండర్ చక్రానికి నాలుగు. నా బండికి నాలుగు. కానీ బానెట్ కింద వి8 ఉంది! విన్ నంబర్, అంటే బండి మీద కొట్టి ఉండే గుర్తింపు నంబర్ చూశాను. 1967లో ఆ నంబర్ 11 అక్షరాలు, మొదటిది సంవత్సరం, రెండోది ఫ్యాక్టరీ (ఎఫ్ అంటే డియర్‌బార్న్, ఆర్ అంటే శాన్ హోసే, టి అంటే మెటచెన్), తర్వాత రెండు అంకెలు బాడీ, 01 అంటే హార్డ్‌టాప్. ఐదో అక్షరం ఇంజిన్. సి అంటే 289 క్యూబిక్ ఇంచుల వి8. నా దాంట్లో ఐదో అక్షరం టి, అంటే 200 క్యూబిక్ ఇంచుల సిక్స్ సిలిండర్, 120 హార్స్‌పవర్. ఎవరో తర్వాతెప్పుడో అందులో 302 క్యూబిక్ ఇంచుల వి8 దించారు. 302 అసలు మస్టాంగ్‌లోకి వచ్చిందే 1968 మోడల్‌లో. ఇంజిన్ మార్చడం తప్పు కాదు, చాలామంది చేస్తారు, కానీ కింద బ్రేకులు, వెనక యాక్సిల్ అన్నీ ఆ చిన్న ఇంజిన్‌వే వదిలేశారు. అంటే బలం వి8ది, ఆపేది సిక్స్ బ్రేకులు. దాని మీద మా పిల్లల్ని ఎక్కించి ఒకసారి ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్లాను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ ఐదో అక్షరం ప్రకటనలోని ఫొటోలోనే ఉంది. చదవడం నాకు రాలేదు, అంతే. పైగా నేను తెలివిగా ఆన్‌లైన్‌లో హిస్టరీ రిపోర్ట్ (బండి పాత చరిత్ర చెప్పే రిపోర్ట్) తీద్దామని చూశాను, ఆ నంబర్ తీసుకోలేదు, సరే పాత బండి కదా అని వదిలేశాను. 17 అక్షరాల విన్ నంబర్ 1981 మోడల్స్ నుంచే వచ్చింది, అంతకుముందు బండికి ఆ రిపోర్టులు పనికిరావు. 1967 నుంచి ఫోర్డ్ బండ్లకి మార్టీ రిపోర్ట్ అని ఒకటి ఉంది, ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల నుంచి తీసి ఇస్తారు, ఆ బండి ఫ్యాక్టరీలోంచి ఏ ఇంజిన్‌తో, ఏ రంగుతో బయటకి వచ్చిందో చెప్పేస్తుంది. ఖర్చు ఒక పిజ్జా పార్టీ అంత కూడా కాదు. డోర్ మీద ఉండే డేటా ప్లేట్‌ని మాత్రం నమ్మకండి, కొత్తవి అచ్చు వేయించి అమ్ముతారు.

ఇక ఆ "చిన్న దెబ్బ" సంగతి. ఫెండర్ తీస్తే లోపలి ఏప్రన్ (ఇంజిన్‌కీ చక్రానికీ మధ్య ఉండే రేకు) మడతపడి ఉంది, దాని కింద ఫ్రేమ్ రెయిల్ (బాడీకే వెల్డ్ చేసి ఉండే ఇనప దూలం) వంగి ఉంది, సస్పెన్షన్‌ని మోసే షాక్ టవర్ లోపలికి వాలిపోయింది. ఇంజిన్ మీదుగా రెండు టవర్ల మధ్య బిగించే ఇనప కడ్డీ ఉంటుంది, మాంటే కార్లో బార్ అంటారు, కొత్తది తెచ్చి పెడితే బోల్టు కన్నాలు ముప్పావు ఇంచి తేడాలో ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు ఏంటంటే, విన్ నంబర్ కొట్టి ఉండేది కూడా ఆ డ్రైవర్ వైపు ఏప్రన్ మీదే. నలిగిన రేకు కోసి అవతల పడేసి కొత్తది వెల్డ్ చేద్దామంటే నంబర్ పోతుంది. విన్ నంబర్ తీసేయడం, మార్చడం ఫెడరల్ నేరం, పని తెలిసిన వెల్డర్ ఎవరూ ధైర్యంగా దాని మీద చెయ్యి వెయ్యరు. చివరికి ఆ ముక్కని కదపకుండా దాని చుట్టూ లాగి సరిచేశారు, దానికే రెండు వారాల కూలి. ఎడమ ముందు భాగం దెబ్బతిన్న మస్టాంగ్, కుడి ముందు భాగం దెబ్బతిన్న మస్టాంగ్ ఒకటి కాదని నాకు అప్పుడు తెలిసింది.

టైటిల్, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం గురించి కూడా ఒక ముక్క. ఒహాయోలో అమ్మేవాడి సంతకం నోటరీ ముందు చెయ్యాలి. నాకు పంపిన కాగితంలో సంతకం ఉంది, నోటరీ లేదు. వెనక్కి పంపించి, మళ్లీ తెప్పించుకునేసరికి రెండు నెలలు. డబ్బులు జెల్‌లో (Zelle, బ్యాంకు నుంచి బ్యాంకుకి వెంటనే పంపే పద్ధతి) ఎప్పుడో పంపేశాను కాబట్టి ఆయనకేం తొందర ఉంటుంది? జెల్‌లో పంపిన డబ్బు చేతికిచ్చిన క్యాష్‌తో సమానం, వెనక్కి రాదు.

ఇంత అయ్యాక కూడా నా బుర్ర పని చెయ్యలేదు. మా ఇంటికి గంట దూరంలో ఉన్న ఒక షాపుకి ఇచ్చాను. పేరు రాయను, అడగొద్దు. ఎస్టిమేట్ నోటిమాటగానే చెప్పాడు, 6,000 అడ్వాన్స్ తీసుకున్నాడు, మూడు నెలలు అన్నాడు. ఐదో నెలలో చెప్పకుండా వెళ్తే బండి షెడ్డు వెనక ఎండలో ఉంది, సీట్లు తీసేసి, అద్దం తీసేసి, ప్లాస్టిక్ కవర్ కూడా లేదు. డిక్కీలో చేసిన పని ఒకటే, చిల్లుల మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికించి లప్పం పెట్టడం. ఈ బండిలో డిక్కీ అడుగు అంటే పెట్రోల్ ట్యాంక్ పై భాగమే, రెండూ ఒకటే. ట్యాంక్ పక్కన వెల్డ్ చెయ్యాల్సిన చోట లప్పం! బండి తీసుకెళ్తానంటే ఇంకో 3,200 కట్టమన్నాడు, స్టోరేజ్‌తో కలిపి. పోలీసుల్ని పిలుస్తానన్నాను, నవ్వాడు. టెక్సస్‌లో రిపేర్ చేసినవాడికి బిల్లు కట్టేదాకా బండిని తన దగ్గరే పెట్టుకునే హక్కు చట్టంలోనే ఉంది. లాయర్‌ని అడిగితే, రాతపూర్వకంగా ఏముంది అన్నాడు. ఏమీ లేదు. కట్టి తెచ్చుకున్నా.

ఇప్పుడు పని ఇంకొకాయన దగ్గర, ఒక్కడే చేసుకునే ముసలాయన. ఒక్కో పనికి ముందు కాగితం మీద రాసి, పని అయ్యాక ఫొటో పంపి, అప్పుడు డబ్బు అడుగుతాడు. ఆయన మొదటి రోజే ఒక మాట అన్నాడు, ఇంజిన్ చచ్చిపోయినా పర్వాలేదు, పెయింట్ పోయినా పర్వాలేదు, రేకు గట్టిగా ఉన్న బండి తెచ్చుకో, ఇది నా దగ్గరికి ముందే తెచ్చి ఉంటే కొనొద్దని చెప్పేవాణ్ణి అని. ఇంజిన్‌కి ఒక ధర ఉంటుంది, తెలుస్తుంది. తుప్పు అలా కాదు, కోసేదాకా ఎంత దూరం పాకిందో ఎవరూ చెప్పలేరు. మస్టాంగ్‌లు 1967 ఒక్క సంవత్సరంలోనే 4.7 లక్షలకి పైగా చేశారు, ఇవేం దొరకని బండ్లు కావు, ఇది పోతే ఇంకోటి వస్తుంది. ఆరిజోనా, న్యూ మెక్సికో లాంటి ఎండ ప్రాంతాల బండి, పెయింట్ కాలిపోయి, సీట్లు చిరిగిపోయి చూడ్డానికి ఛండాలంగా ఉన్నా సరే, ఒహాయోలో తళతళలాడే బండి కంటే వెయ్యి రెట్లు నయం.

డాలస్ చుట్టుపక్కల ఎవరైనా బండి చూడ్డానికి వెళ్తుంటే శనివారం పెట్టుకోండి, ఖాళీ ఉంటే నేనూ వస్తా. టార్చ్, స్క్రూడ్రైవర్, లప్పం ఎక్కడుందో పట్టడానికి ఒక చిన్న అయస్కాంతం నా కారులోనే ఉంటాయి. నీళ్ల పైపు మాత్రం అమ్మేవాడి ఇంట్లోదే అడుగుదాం, అప్పుడు ఆయన ముఖం ఎలా మారుతుందో నాకు చూడాలని ఉంటుంది.