ఫ్యాను ఆపి వినాల్సిన సింఫనీ

అమెరికన్ స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టైన్ రెండో సింఫనీ ‘ది ఏజ్ ఆఫ్ యాంగ్జైటీ’ని క్రిస్టియన్ జిమర్‌మన్ పియానోతో, సైమన్ రాటిల్ నడిపిన బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించిన రికార్డింగు ఇది. డాయిచే గ్రామఫోన్ 2018లో విడుదల చేసింది. నిడివి 35 నిమిషాలకు అటూ ఇటూ.

మొదట్లోనే చిక్కు. రెండు క్లారినెట్లు గుసగుసగా మాట్లాడుకుంటాయి. పెళ్ళి బ్యాండులో క్లారినెట్ విన్న చెవికి ఇదీ అదేనని తట్టదు. బరంపురం ఎండల్లో ఫ్యాను ఆపమనడం అన్యాయమే గానీ, ఆపకపోతే ఆ మాటలు రెక్కల చప్పుడులో కలిసిపోతాయి. పోనీ అని వాల్యూం పెంచేస్తే, తర్వాత ఆర్కెస్ట్రా అంతా విరుచుకుపడినప్పుడు చెవులు అదురుతాయి. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్ ఉంటే సగం వాల్యూం చాలు. ఇచ్ఛాపురం బస్సులో వద్దు. ఠాకురాణి జాతర రోజుల్లో అసలే వద్దు.

మూలం 1947లో అచ్చయిన, కవి ఆడెన్ రాసిన దీర్ఘకవిత: యుద్ధకాలపు న్యూయార్క్‌లో, ఒక బారులో కలిసిన నలుగురు. అది చదవకపోయినా వినవచ్చు. పట్టుకోవాల్సింది 14 వేరియేషన్ల గొలుసు. వేరియేషన్ అంటే మామూలుగా ఒక పల్లవిని మార్చి మార్చి వాయించడం. ఇవి మాత్రం ఒకే పల్లవి చుట్టూ తిరగవు. ముందుదాని తోక పట్టుకుని తర్వాతది లేస్తుంది, అచ్చం అంత్యాక్షరిలా. అందుకే షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకు చివరను తర్వాతి దానిలో కలిపేసే సెట్టింగు) రెండూ ఆపేయండి. ముక్కలు 18 ఉన్నా భాగాలు రెండే, నడుమ ఆగేది ఒక్కసారే.

రెండో భాగం మొదట శోకగీతం. పియానో 12 స్వరస్థానాలనూ ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. షడ్జమం ఏదని వెతక్కండి, దొరకదు. ఆ వెంటనే ‘మాస్క్’ అనే జాజ్ ముక్క. డబ్బు దీనికే ఇచ్చామనుకున్నా తప్పులేదు. పియానోకు తోడు డబుల్ బాస్, హార్ప్, సెలెస్టా (గంటల్లా మోగే చిన్న కీబోర్డు), గ్లాకెన్‌ష్పీల్ (కర్రలతో కొట్టే లోహపు పలకలు), తాళవాద్యాలు, అంతే. జిమర్‌మన్ వేళ్ళు తుళ్ళుతాయి గానీ లయ జారదు. ఫోను స్పీకరులో పెడితే బాస్ మాయమై ఆ నడకంతా కూలిపోతుంది. చివర్లో ఆర్కెస్ట్రా అడ్డుపడ్డాక కూడా అదే జాజ్ ఎక్కడో దూరంగా వినబడుతుంది. ఫైలు చెడలేదు, అది ఆర్కెస్ట్రాలో ఉన్న రెండో పియానో.

ముగింపు మాత్రం సినిమా క్లైమాక్స్‌లా ఉబ్బింది, రాటిల్ కాస్త అదుపు చేయాల్సింది. అక్కడ జిమర్‌మన్ వాయించే ఏకాంత ఘట్టం 1965లో సవరించినప్పుడు చేరింది. 1949 నాటి పాఠంలో ముగింపంతా పియానో మౌనమే, చివర్లో ఒకేసారి కలిపి నొక్కే ఒక్క స్వరాల గుత్తి (chord) తప్ప. ఆ మౌనం కావాలంటే లూకస్ ఫాస్ పియానోతో బెర్న్‌స్టైనే నడిపిన 1950 రికార్డింగు వెతకండి. మోనోయే, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం, సర్దుకోవాలి.