పేన్ పుస్తకానికి కుట్టు బైండింగ్: నయీంనగర్ షాపు గురించి

హన్మకొండ నయీంనగర్ రోడ్డు మీద జిరాక్స్ షాపులకు కొదవ లేదు. కాకతీయ యూనివర్సిటీ (కేయూ) పిల్లల నోట్సులు, ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ అక్కడే స్పైరల్ అయిపోతాయి. కానీ ఒక పూర్తి పుస్తకాన్ని పీడీఎఫ్ నుంచి తీసి, దారంతో కుట్టి, గట్టి అట్ట వేసిచ్చే చోటు దొరకడం కష్టం. మెయిన్ రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక చిన్న షాపులో ఆ పని చాలా బాగా చేస్తున్నారు.

నేను తీయించుకున్నది డేనియల్ పేన్ స్వీయచరిత్ర. 1888లో అమెరికాలోని నాష్‌విల్‌లో అచ్చయింది. ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీకి 1863 నుంచి 1876 దాకా అధ్యక్షుడాయన. ఆ దేశంలో కాలేజీ అధ్యక్షుడైన మొదటి నల్లజాతీయుడు. సోషల్ టీచర్‌గా నాకు ఈ పుస్తకం ఫోన్‌లో కాదు, చేతిలో కావాలి. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదవాలి.

మొదట వేరే చోట గమ్ బైండింగ్ చేయించాను. విప్పగానే వెన్ను పగిలింది. లోపలి మార్జిన్‌లో లైన్ల మొదళ్లు కనపడలేదు, స్కాన్‌లో ఉన్న నల్లటి అంచులన్నీ అలాగే ప్రింటయ్యాయి. మూడు వందల పైచిలుకు పేజీల డబ్బు వృథా.

ఈ షాపులో అన్న ఫైలు తెరిచి చూడగానే, "సార్, నడుమల జాగ తక్కువుంది, కుడితే అక్షరాలు లోపలికి పోతయ్. అంచులు కోసేసి జరిపి తీస్త" అన్నాడు. అన్నట్టే చేశాడు. ఏ4 షీట్లను ఐదేసి మడిచి ఒక్కో ఫారం చేశాడు. మడత మీద సూదితో రంధ్రాలు పెట్టి, ఫారం తర్వాత ఫారం దారంతో కలుపుకుంటూ పోయాడు. ఇప్పుడు ఏ పేజీ తెరిచినా బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. ఒక ఫారం తలకిందులుగా కుట్టాడు. చూపిస్తే మారుమాట లేకుండా విప్పి మళ్లీ కుట్టిచ్చాడు, పైసా తీసుకోలేదు.

నేను మళ్లీ మళ్లీ తెరిచేది సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్‌లో పేన్ గడిపిన రోజుల పేజీలు. 1829లో, పద్దెనిమిదేళ్ల వయసులో పేన్ బడి పెట్టాడు. పగలు ముగ్గురు పిల్లలు, రాత్రి బానిసలైన ముగ్గురు పెద్దవాళ్లు. తలా నెలకు అర డాలరు. బడి పెరిగింది. 1834లో సౌత్ కరోలినా చట్టం చేసింది: బానిసకు చదువు చెప్పిన స్వతంత్ర నల్లజాతీయుడికి యాభై కొరడా దెబ్బల దాకా, యాభై డాలర్ల జరిమానా దాకా శిక్ష. 1835లో బడి మూసి ఉత్తరాదికి వెళ్లిపోయాడు. అలాంటివాడు 1863లో, చేతిలో పది డాలర్లు కూడా లేకుండా, తన చర్చి తరఫున పది వేల డాలర్లకు విల్బర్‌ఫోర్స్‌ను బేరమాడి కొన్నాడు. 1865 ఏప్రిల్‌లో, లింకన్ మీద కాల్పులు జరిగిన రాత్రే, ఆ కాలేజీ భవనాన్ని తగలబెట్టారు. మళ్లీ కట్టించాడు. మా తొమ్మిదో తరగతిలో ఈ భాగం తెలుగులో చెబితే, బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు.

ధర స్పైరల్ కంటే బాగా ఎక్కువే, కానీ నాకు న్యాయంగానే అనిపించింది. పేపర్ మాత్రం ఎనభై జీఎస్ఎం (కాగితం బరువు కొలత) అడిగి తీసుకోండి, డెబ్బై అయితే వెనక పేజీ అక్షరాలు కనిపిస్తాయి. అట్ట మీద పేరు బంగారు రంగులో కొట్టించే సౌకర్యం లేదు, స్టిక్కరే. సెమిస్టర్ పరీక్షల ముందు వెళ్తే మీ పని వెనకబడుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు పట్టుకెళ్లి, ముందు ఒక ఫారం నమూనా తీయించి చూసుకోండి, అడిగితే కాదనడు. మా స్కూలు లైబ్రరీకి ఇంకో కాపీ చెప్పాను, ఈసారి కాలికో గుడ్డ అట్టతో.