బీదర్‌కి ఒక్కపూట కాదు, ఒక రాత్రి ఉండేలా వెళ్లండి

హైదరాబాద్ నుంచి బీదర్ వెళ్లే కార్లలో చాలావాటిది ఒకటే వరస. పొద్దున్నే బయల్దేరి నరసింహ ఝరణి గుహగుడి నీళ్లలో మునగడం, గురుద్వారాలో భోంచేయడం, మిట్టమధ్యాహ్నం ఎండలో కోట గుమ్మం ముందు ఫోటోలు దిగడం, చీకటి పడకముందే జహీరాబాద్ దాటేయడం. ఇంటికొచ్చాక 'ఏముందక్కడ, అన్నీ శిథిలాలే' అంటారు. ఆ మాట వింటే కడుపు మండుతుంది. తప్పు ఊరిది కాదు, వెళ్లిన వేళది.

బహమనీ సుల్తాన్ అహ్మద్ షా వలీ గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి, 1432 నాటికి ఈ కోటను పూర్తి చేశాడు. ఇక్కడ గోడలు రెండు రకాలు. కోటకు ఒక గోడ, దానికి ఆనుకుని పెరిగిన ఊరికి మరో గోడ. ఊరి గోడకు ఫతే దర్వాజా, షాగంజ్, మంగళ్‌పేట్, దుల్హన్, తల్‌ఘాట్ అని అయిదు ద్వారాలు. జనం ఇప్పటికీ ఆ లోపలే కాపురాలు ఉంటున్నారు, అంగళ్లు పెట్టుకుంటున్నారు. ఒక్క కోట చూసి వస్తే సగమే చూసినట్టు.

హైదరాబాద్ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు. ముంబయి హైవే మీద జహీరాబాద్ దాకా వెళ్లి కుడికి తిరగాలి. రానూపోనూ 290 కిలోమీటర్లకు, లీటరుకు 15 ఇచ్చే కారైతే 20 లీటర్ల లోపే సరిపోతుంది. లీటరు 107 లెక్కన 2,140 రూపాయలు. ఇద్దరికి గది కోసం 1,800, ఆటోకి 1,000, తిండికి 1,200 పక్కన పెట్టుకుంటే మొత్తం 6,140. కోస్తా నుంచి వచ్చేవాళ్లకు మచిలీపట్నం-బీదర్ రాత్రి రైలు విజయవాడ మీదుగా ఉంది. భాష గురించి దిగులు అక్కర్లేదు. జహీరాబాద్, నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లావే. కన్నడ, దక్కనీ ఉర్దూతో పాటు తెలుగూ నడుస్తుంది.

గోడ లోపలే బస చేయాలని పట్టుబట్టకండి. పాత ఊళ్లో ఇరుకు సందులే తప్ప చెప్పుకోదగ్గ హోటళ్లు లేవు. బస్టాండు చుట్టుపక్కల, ఉద్గీర్ రోడ్డులో దొరుకుతాయి. గది చూశాకే డబ్బు కట్టండి, ముఖ్యంగా వేసవిలో ఏసీ, నీళ్లు రెండూ నడిపించి చూడండి. గురుద్వారా నానక్ ఝీరాలోనూ గదులుంటాయి, లంగర్ (గురుద్వారాలో పెట్టే భోజనం) ఉచితం. కాకపోతే గురునానక్ జయంతి రోజుల్లో గదుల మీద ఆశ పెట్టుకోకూడదు. కారు బస దగ్గరే వదిలేసి, పాత ఊళ్లోకి ఆటోలోనో నడిచో వెళ్లడం మేలు.

మొదటిరోజు మధ్యాహ్నం చేరితే సాయంత్రం నాలుగింటికి అష్టూర్ వెళ్లండి, ఊరికి తూర్పున మూడు కిలోమీటర్లు. బీదర్ నుంచి ఏలిన బహమనీ సుల్తానుల సమాధులు అక్కడే వరసగా ఉంటాయి. వాటిలో బహమనీ సుల్తాన్ హుమాయూన్ షాది 1882లో పిడుగు పడి నిలువునా చీలిపోయింది. గుంబజ్ తెరుచుకుని లోపలి ఇటుక పొరలు కనిపిస్తాయి. గోడ అంత మందంగా ఎలా కట్టారో మరెక్కడా ఇంత తేటగా తెలియదు. అహ్మద్ షా వలీ సమాధి లోపల పైకప్పు నిండా సింధూరం, బంగారు రంగుల రాతలు, తీగలు. ఫోన్ లైటు అంత ఎత్తుకు అందదు కాబట్టి మంచి టార్చ్ పట్టుకెళ్లాలి. ఏటా హోలీ తర్వాత ఇక్కడ జాతర జరుగుతుంది. హిందువులు ఆయన్ని అల్లమప్రభుగా కొలుస్తారు, లింగాయత జంగమయ్య పూజలో ముందుంటాడు.

రెండోరోజు పొద్దున ఏడింటికల్లా బహమనీల మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన మదర్సా ముందు ఉండాలి. దాని ముఖం తూర్పుకి, గోడకి అంటించిన రంగు పలకల మీద పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది. 1472లో కట్టిన ఈ మూడంతస్తుల చదువులగుడికి 1696లో మందుగుండు పేలి ఒక మినారు, ముందుభాగంలో చాలా మేర కూలిపోయాయి. మిగిలిన మినారు మీద నీలం, పచ్చ పలకల అడ్డదిడ్డపు చారలు ఇంకా అంటిపెట్టుకునే ఉన్నాయి. మధ్యాహ్నం వచ్చేవాళ్లకు అవి మసకగా కనబడి, 'రంగులు పోయాయి' అనిపిస్తాయి. అక్కణ్ణుంచి చౌబారా గడియార స్తంభం దాకా వెళ్లి టీ తాగి, అదే వీధిన వెనక్కి నడిస్తే కోట వస్తుంది.

కోటకి మూడు గంటలు తక్కువైతే వెళ్లకండి. తుప్పురంగు రాయిని తొలిచి తవ్విన మూడు వరసల కందకం చూశాక లోపలికి నడవండి. అసలు చూడాల్సింది రంగీన్ మహల్. బహమనీల తర్వాత బీదర్‌ని ఏలిన బరీద్ షాహీ వంశపు పాలకుడు అలీ బరీద్ దాన్ని తీర్చిదిద్దాడు. నల్లరాయిలో ముత్యపు చిప్ప పొదిగిన తలుపు చట్రాలు, చెక్క స్తంభాల మీద చెక్కడాలు, నేలకి దగ్గరగా పలకలు. ఎక్కువగా తాళం వేసి ఉంటుంది, చాలామంది ఆ తాళం చూసి వెనుదిరుగుతారు. లోపలి మ్యూజియం దగ్గరికి వెళ్లి సిబ్బందిని మర్యాదగా అడగాలి. భోజనాల వేళ తప్పించి, పదింటి లోపే అడగండి. తఖ్త్ మహల్ కమానుల మీద సూర్యుణ్ణి మోస్తున్న పులి గుర్తునూ వెతకండి.

ఝరణి సంగతి వేరు. సొరంగంలో ఛాతీలోతు నీళ్లలో దాదాపు 300 మీటర్లు నడవాలి, పైన గబ్బిలాలు. చంటిపిల్లల్ని, ఊపిరి ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లని తీసుకెళ్లకండి. తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. శనివారం, ఆదివారం వద్దు.

చివరగా బిద్రీ, అంటే నల్లటి లోహపు వస్తువుల మీద వెండి పొదిగే బీదర్ చేతిపని. 16 వంతుల జింకుకి ఒక వంతు రాగి కలిపి పోతపోసి, ఉలితో గాట్లు పెట్టి వెండితీగ దిగ్గొడతారు. ఆపైన కోట లోపలి పాతమట్టి, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) కలిపిన ముద్ద పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మెరుస్తూ మిగులుతుంది. నకిలీలో నలుపు రంగు పూతే. అడుగున గోటితో గీస్తే లేస్తుంది, చేతిలో తేలిగ్గా ఉంటుంది. వెండి అంచుమీద వేలు నడిపితే గుచ్చుకోకూడదు. దుకాణంలో కన్నా చౌబారా దగ్గరి పనివాళ్ల వద్ద కొంటే పని చూస్తూ బేరమాడొచ్చు. ఇంటికి తెచ్చాక చింతపండుతో తోమారంటే నలుపు పోతుంది. పొడిగుడ్డకి రెండు చుక్కల కొబ్బరినూనె రాసి తుడిస్తే చాలు.