బెల్ట్ టెస్ట్ పెట్టే క్లాసా, మాస్టర్ చూసి ఇచ్చే క్లాసా: పిల్లలకు ఏది మేలు?

మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు కరాటేలో ఆరెంజ్ బెల్ట్ వచ్చింది. ఆ రోజు టెస్టుకు వచ్చిన పిల్లలంతా పాసయ్యారు. కటా (వరుసగా చేసి చూపించే అడుగులు, దెబ్బల కూర్పు) మధ్యలో మరిచిపోయి నిలబడిపోయిన పాప కూడా పాసైంది. ఇంటికొచ్చాక వాడే అడిగాడు, "నాన్నా, ఇందులో ఎవరూ ఫెయిల్ అవరా?" అని. నాకు ఏం చెప్పాలో తోచలేదు. బెల్టులు ఎవరు, ఏం చూసి ఇస్తారో అప్పుడే ఆరా తీయడం మొదలుపెట్టాను.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది టెస్ట్ పద్ధతే. కరాటే అయినా, తైక్వాండో అయినా కొన్ని నెలలకోసారి ఫీజు కట్టి టెస్టుకు వెళ్లాలి. కరాటేలో కిహోన్ (ప్రాథమిక దెబ్బలు, అడ్డుకోవడాలు), కటా, కుమితే (ఎదుటివాడితో పోరు) చూస్తారు. ఈ ర్యాంకుల మూలం జూడోలో ఉంది. 1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో శిక్షణశాల పెట్టిన జిగోరో కానో, మరుసటి ఏడాది ఇద్దరు శిష్యులకు మొదటి డాన్ (ఇప్పుడు బ్లాక్ బెల్ట్‌తో వచ్చే ర్యాంకు) ఇచ్చాడు. కరాటే మాస్టర్ ఫునకోషి 1924లో కరాటేలోకి డాన్‌లు తెచ్చాడు. రంగురంగుల బెల్టుల్ని బాగా వ్యాప్తి చేసింది 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి. ఆ రంగుల వల్ల పిల్లలకు మేలే జరిగింది. చిన్న పిల్లాడికి పదేళ్ల తర్వాతి బ్లాక్ బెల్ట్ కనపడదు, వచ్చే పండగలోపు రాబోయే ఎల్లో బెల్ట్ కనపడుతుంది.

బ్రెజిలియన్ జియు జిట్సులో దారి వేరు. పెద్దవాళ్లకు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు, బ్లాక్ బెల్ట్ దాకా ఇవి ఐదే. చాలా చోట్ల టెస్టే ఉండదు, మాస్టర్ చూసి ఇస్తారు. అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం మామూలుగా నీలంలో రెండేళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది ఉండాలి, నలుపుకు పంతొమ్మిదేళ్లు రావాలి. ఆచరణలో చాలామందికి పదేళ్లు పడుతుంది. రోజూ ఒకరినొకరు పూర్తి బలంతో పట్టుకుంటారు కాబట్టి, నడుముకు ఏ రంగున్నా సాయంత్రానికి అసలు సంగతి తెలిసిపోతుంది. నాకు బాగా నచ్చింది ఇదే. కానీ ఎప్పుడిస్తారో తెలియదు. మాస్టర్‌కు ఒకరంటే ఎక్కువ ఇష్టమైతే అడిగే దిక్కుండదు. పదేళ్ల పిల్లాడికి ఆ ఎదురుచూపు టెన్షనే.

జూడో ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కొడోకాన్‌లో నేటికీ పోటీల్లో గెలుపులు పై డాన్‌కు లెక్కలోకి వస్తాయి. దగ్గర్లో మంచి జూడో కోచ్ దొరికితే నేను ముందు అక్కడికే వెళ్లమంటాను.

దొరకనప్పుడు? పన్నెండేళ్ల లోపు పిల్లలకు టెస్ట్ పద్ధతే మేలని నా అభిప్రాయం, అయితే ఫెయిల్ చేసే ధైర్యమున్న మాస్టర్ దగ్గర. చేరే ముందు "పోయినసారి ఎంతమందిని ఆపారు?" అని అడగండి. చిన్న పిల్లలకు బ్లాక్ బెల్ట్ ఇస్తున్నారేమో కూడా చూడండి. తైక్వాండోలో సియోల్‌లోని తైక్వాండో ప్రధాన కేంద్రం కుక్కివాన్ పదిహేనేళ్లు నిండని వాళ్లకు డాన్ బదులు పూమ్ అనే పిల్లల ర్యాంకు ఇస్తుంది, ఆ బెల్ట్ సగం ఎరుపు, సగం నలుపు. హైస్కూల్ దాటినవాళ్లకు, పెద్దవాళ్లకు మాత్రం జూడో గానీ జియు జిట్సు గానీ చెబుతాను.

మేం క్లాస్ మార్చాం. కొత్త మాస్టర్ మా వాణ్ణి మొదటి టెస్టులోనే ఆపేశారు. హీయాన్ నిదాన్ అనే కటాలో కోకుత్సు దాచి అనే భంగిమ వేసేటప్పుడు బరువు వెనక కాలి మీద ఉండాలి, వీడు ముందుకు ఒరుగుతున్నాడు. దారి పొడుగునా ఏడ్చాడు. మర్నాడు సాయంత్రం డాబా మీద ఎవరూ చెప్పకుండానే అదే అడుగు వేసుకుంటూ, "నాన్నా, ఇప్పుడు వెనక కాలి మీదే ఉందా?" అని అడిగాడు.