కూలెంట్ లీకు, మానిఫోల్డ్ లీకు: కొండెక్కే వ్యాన్లకు ఏ పరీక్ష మేలు?

తిరుపతిలో టూరిస్టు వ్యాన్లు తిప్పేవాళ్లు తరచూ చెప్పుకునే బాధ ఇది. కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులకు బండి బాగానే పోతుంది. అలిపిరి దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే టెంపరేచర్ ముల్లు పైకి జరుగుతుంది, పికప్ తగ్గుతుంది, డబ్బాలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) దిగిపోతుంది. బండి కింద చూస్తే మాత్రం చుక్క తడి ఉండదు. షెడ్డుకు తీసుకెళ్తే, "హెడ్ ప్యాకింగ్ పోయింటుంది అన్నా, దింపాల్సిందే" అంటారు. హెడ్ అంటే ఇంజన్ పైభాగం, దాని కింద లీకు కాకుండా వేసే పొర ప్యాకింగ్. నిజంగా దింపాల్సిన బండ్లు కూడా ఉంటాయి, కాదనను. కానీ పరీక్ష చేయకుండా హెడ్ మీద చేయి వేయడం అన్యాయం. ట్రిప్పుల మీద బతికే మనిషికి వారం రోజులు బండి ఆగితే ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో రెండు లీకులుంటాయి: ఒకటి కూలెంట్‌ది, రెండోది సిలిండర్ల నుంచి వేడి పొగను సైలెన్సర్ వైపు తీసుకెళ్లే మానిఫోల్డ్‌ది. అసలు ఇవి కొండ మీదే ఎందుకు బయటపడతాయంటే, కింద నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. నిండా జనం, ఏసీ, పైన ఎండ. అంతసేపూ టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం) ఊపిరి తిప్పుకోకుండా పనిచేస్తుంది. పూర్తి లోడులో మానిఫోల్డ్ లోపలి పొగ వేడి 600 డిగ్రీలు దాటుతుంది. పోత ఇనుము మానిఫోల్డ్ ఒక లెక్కన, అల్యూమినియం హెడ్ ఇంకో లెక్కన వ్యాకోచిస్తాయి. ఆ లాగుడు ఎక్కువగా చివరి సిలిండర్ల దగ్గరి స్టడ్ల (మానిఫోల్డ్‌ను హెడ్‌కు బిగించే బోల్టుల) మీద పడుతుంది. విరిగితే ముందు విరిగేవి అవే.

కాబట్టి మొదటి ప్రశ్న: బండిని వేడి మీద చూపించాలా, చల్లారాకా? చాలామంది కొండ దిగీ దిగగానే నేరుగా షెడ్డుకు పోతారు. నా మాట వింటే, రాత్రంతా ఆపి తెల్లారి చల్లటి ఇంజన్ మీద చూపించండి. మానిఫోల్డ్ మీద కారిన కూలెంట్ వేడికి అక్కడికక్కడే ఆవిరైపోతుంది, నేల మీద చుక్క పడదు. మానిఫోల్డ్ లీకు కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని వినిపిస్తుంది. ఇనుము వేడెక్కి సాగి సందు మూసుకున్నాక ఆ చప్పుడు తగ్గిపోతుంది. వేడి బండిలో రెండు లీకులూ దాక్కుంటాయి. పైగా వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఒళ్లు కాలుతుంది, కాగిన పోత ఇనుము మీద నీళ్లు చల్లితే పగుళ్లు రావచ్చు.

కూలెంట్ లీకు పట్టడానికి చేతి పంపుతో ప్రెషర్ టెస్ట్ ఒక దారి, రంగు కలిపి అల్ట్రావయొలెట్ టార్చితో వెతకడం ఇంకో దారి. నా ఓటు ముందుగా పంపుకే. రేడియేటర్ లేదా డబ్బా మూతి దగ్గర బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకే కొట్టాలి. సాధారణంగా అది 0.9 నుంచి 1.4 బార్ మధ్య ఉంటుంది. ఓ పావుగంట ముల్లు కదలకపోతే సరే. పడిపోతుంటే వాటర్ పంపు, హోస్ క్లిప్పులు, మానిఫోల్డ్ పక్కగా పోయే పైపులు వెతకాలి. పాత లీకైతే అక్కడ గులాబీనో పచ్చనో ఎండిన పొక్కు కనిపిస్తుంది, గోటితో గీకితే పొడిగా రాలుతుంది. మూతను కూడా అదే పంపుతో పరీక్షించమనండి. ప్రెషర్ నిలపని మూత వల్ల కూలెంట్ త్వరగా మరిగి పొంగిపోతుంది. ఒక బార్ ప్రెషర్ ఉంటే నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు, అది లేకపోతే 100 దగ్గరే మరిగిపోతాయి.

రంగు పద్ధతి చెడ్డదేమీ కాదు. లోడు మీద, వేడిలో మాత్రమే తెరుచుకునే సన్న లీకుకు అదే దిక్కు. కానీ రంగు కలిపాక రెండు మూడు ట్రిప్పులు తిరిగి మళ్లీ రావాలి. పంపుతో దొరకనప్పుడు మాత్రమే అటు వెళ్లండి. లీకు ఆపే పొడులు, ద్రవాలు వద్దే వద్దు, రేడియేటర్ సన్న దారులు పూడుకుపోతాయి. బోరు నీళ్లు పోయడమూ అలాంటిదే.

మానిఫోల్డ్ విషయంలో పోటీ సబ్బునీళ్లకీ, లోపలికి పొగ ఎక్కించి లీకు చూపించే పొగ యంత్రానికీ. సైలెన్సర్ చివర నుంచి బ్లోయర్‌తో గాలి ఎక్కించి, చల్లటి జాయింట్ల మీద సబ్బునీళ్లు బ్రష్‌తో పూస్తే బుడగలు చోటు చూపిస్తాయి. ఖర్చు దాదాపు లేదు. అయితే చాలా వ్యాన్లలో ఇంజన్ సగం డ్యాష్‌బోర్డు కిందికి దూరి ఉంటుంది, హీట్ షీల్డ్ (వేడికి అడ్డంగా పెట్టే రేకు) వెనకకు బ్రష్ పోదు. అలాంటి బండికి పొగ యంత్రమే మేలు. చేయి పోని చోట నుంచి కూడా పొగ బయటకొస్తుంది. రెండింటికీ ముందు టార్చి పట్టి చూడండి. స్టడ్ పక్కన విసనకర్రలా పరుచుకున్న నల్లటి మసి మరక కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. టర్బోకు ముందే పొగ బయటికి పోతే టర్బైన్ తిరగడానికి బలం చాలదు, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పడిపోతుంది. డ్రైవరేమో టర్బో పోయిందనుకుంటాడు.

ఈ లీకును వాయిదా వేయకండి. ఆ పొగ క్యాబిన్‌లోకి చేరితే లోపల కూర్చున్నవాళ్లకు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తాయి. ఘాట్ మలుపుల వల్లే అనుకుని నిమ్మకాయ వాసన చూస్తూ సరిపెట్టుకుంటారు. ఆ బండిలో పసిపిల్లలూ ముసలివాళ్లూ ఉంటారు.

ఇక పంపు ముల్లు పడిపోతోంది, బయట ఎక్కడా తడి లేదంటే లీకు లోపలే. డబ్బా మూతి దగ్గర నీలం ద్రవంతో చేసే పరీక్ష ఉంది. పొగ కలిస్తే ఆ నీలం డీజిల్ బండిలో ఆకుపచ్చకు, పెట్రోలు బండిలో పసుపుకు మారుతుంది. అయితే రంగు మారినంత మాత్రాన హెడ్ ప్యాకింగే అని తేల్చేయకూడదు. ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) లోపల పగిలినా కూలెంట్ మాయమవుతుంది, తెల్లపొగ వస్తుంది, కూలెంట్‌లో పొగా కలవచ్చు. కూలర్ విప్పి విడిగా ప్రెషర్ పెట్టి చూడటం హెడ్ దింపడం కంటే చాలా చిన్న పని. హెడ్ దింపడానికి ఒప్పుకునే ముందు ఆ ఒక్క పరీక్ష మీ కళ్లెదుటే చేయించుకోండి.