టోలిచౌకిలో నాట్‌లెస్ జడలు: అల్లిక బాగుంది, పీచు మాత్రం మీరే తీసుకెళ్లండి

రింగుల జుట్టుకి ఈ చిన్న పార్లర్‌లో చేయి తిరిగిన పని జరుగుతోంది. నాట్‌లెస్ అంటే తలంతా అల్లే ఈ సన్నజడలకి కుదురు దగ్గర ముడి వేయరు. మన జుట్టుతోనే మూడు పాయలు అల్లుతూ, కాస్త కిందికొచ్చాక కనెకలాన్ అనే కృత్రిమ జుట్టు పీచుని కొంచెం కొంచెంగా కలుపుతారు. అందుకే మాడు లాగదు. నుదుటి అంచున నూగు వెంట్రుకల్ని అల్లకుండా వదిలేయడం మెచ్చుకోవాల్సిన సంగతి.

పీచు మాత్రం కడగకుండానే వాడుతున్నారు. దాని పూత వల్లే చాలామందికి దురద. ముందే కొని, యాపిల్ సైడర్ వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, బాగా జాడించి ఆరబెట్టి ఇవ్వండి. కొబ్బరినూనె రాసుకుని వెళ్లొద్దు, పాయలు జారిపోతాయి.

అల్లాక కుదుళ్ల చుట్టూ చిన్న పొక్కులు లేస్తే ఆ జడని అక్కడే విప్పించండి. నొప్పి మామూలేనంటే వినకండి. ఆ బిగుతు అలాగే కొనసాగితే నుదుటి అంచు పలచబడి, జుట్టు తిరిగి రాకపోవచ్చు.

తలస్నానానికి కుంకుడుకాయ వద్దు, పిప్పి జడల్లో ఇరుక్కుంటుంది. పలచటి షాంపూని సన్నమూతి సీసాతో పాపిటల్లో పోయాలి. వానాకాలంలో లోపలిదాకా ఆరకపోతే ముక్కవాసన ఖాయం.

6 నుంచి 8 వారాల్లో విప్పేయాలి. తడపకముందే చిక్కు తీయండి. లేదంటే లోపల రాలి ఉన్న వెంట్రుకలు ఉండకడతాయి.